ఈమ్స్ దంపతులు

చార్లెస్ ఈమ్స్ (జూన్ 17, 1907 - ఆగష్టు 21, 1978), ఆయన భార్య రే ఈమ్స్ (డిసెంబరు 15, 1912 - ఆగష్టు 21, 1988) అమెరికాకు చెందిన డిజైనర్లు. వంచిన ప్లైవుడ్డుతోను, ఫైబర్‌గ్లాసుతోను వీరు రూపొందించిన కుర్చీలు ఇరవయ్యవ శతాబ్దపు గృహోపకరణాలలో మిక్కిలి ప్రసిద్ధి పొందినవి. అయితే కుర్చీలు వీరి కృషిలో ఒక భాగం మాత్రమే. ఆటబొమ్మలు, పేకముక్కలు, వందకు పైగా లఘుచిత్రాలు, లక్షల సంఖ్యలో ఛాయాచిత్రాలు, గణితశాస్త్రంపై ఒక ప్రదర్శన, భారత ప్రభుత్వానికి సమర్పించిన ఒక నివేదిక - ఇవన్నీ ఒకే కార్యశాల నుండి వెలువడ్డాయి.

సాధారణంగా ఒక వ్యక్తిని గురించి చెప్పేటప్పుడు వృత్తి ఇది, ప్రవృత్తి ఇది అని విడదీసి చెప్పడం ఆనవాయితీ. ఈమ్స్ దంపతుల విషయంలో ఈ విభజన పనికిరాదు. వీరు సరదాకు మొదలుపెట్టినవి కాలక్రమాన వృత్తిగా మారాయి. వృత్తిలో నేర్చిన మెలకువలు తిరిగి ఆటబొమ్మలలోకి, సినిమాలలోకి ప్రవేశించాయి. అసలు వీరికి పేరు తెచ్చిన ప్లైవుడ్డు పని కూడా పగలు ఉద్యోగం చేసుకొని, రాత్రులు ఇంట్లోని ఒక గదిలో చేసిన ప్రయోగంగానే ఆరంభమైంది.

తొలి జీవితం

చార్లెస్ మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ నగరంలో జన్మించాడు. చిన్నవయసులోనే తండ్రిని కోల్పోయాడు. తండ్రి వదలివెళ్ళిన పాతకాలపు ఫొటోగ్రఫీ సామగ్రితో కుస్తీపట్టి, ఛాయాగ్రహణాన్ని తనంతట తానే నేర్చుకున్నాడు. ఈ అలవాటు జీవితాంతం ఆయనను వదలలేదు. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో వాస్తుశిల్పం చదివాడు గాని పట్టా పుచ్చుకోకుండానే బయటకు వచ్చాడు. 1929లో కేథరిన్ వోయర్‌మన్‌ను వివాహమాడాడు. వీరి కుమార్తె లూసియా 1930లో జన్మించింది. ఆర్థికమాంద్యం రోజులలో పనులు దొరకక కొన్ని నెలలు మెక్సికోలో గడిపాడు. 1938లో వాస్తుశిల్పి ఎలియెల్ సారినెన్ ఆహ్వానంపై మిచిగన్ రాష్ట్రంలోని క్రాన్‌బ్రూక్ కళా అకాడమీలో చేరి, తరువాత అక్కడే బోధించాడు.

రే అసలు పేరు బెర్నిస్ అలెగ్జాండ్రా కైజర్. కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో జన్మించింది. న్యూయార్కులో హాన్స్ హాఫ్‌మన్ అనే చిత్రకారుని వద్ద చిత్రలేఖనం అభ్యసించింది. 1936లో ఏర్పడిన అమెరికన్ ఆబ్‌స్ట్రాక్ట్ ఆర్టిస్ట్స్ అనే సంఘానికి వ్యవస్థాపక సభ్యురాలు. 1940లో క్రాన్‌బ్రూక్‌కు వచ్చినప్పుడు చార్లెస్‌తో పరిచయమయింది. తాను చిత్రలేఖనం ఎన్నడూ మానలేదని, వాడే రంగులపళ్ళెం మాత్రమే మారిందని ఆమె తరువాతి కాలంలో చెప్పేది.

1940లో న్యూయార్కులోని ఆధునిక కళా మ్యూజియం గృహోపకరణాల డిజైను పోటీ నిర్వహించింది. చార్లెస్, ఎలియెల్ కుమారుడైన ఈరో సారినెన్ కలసి పంపిన నమూనాలు రెండు విభాగాలలో ప్రథమ బహుమతి పొందాయి. ఆ నమూనాల తయారీకి చిత్రాలు గీయడంలో రే సహాయపడింది. బహుమతి అయితే వచ్చింది గాని, ఆ కుర్చీని కర్మాగారంలో చౌకగా తయారుచేయడం సాధ్యపడలేదు. వంపు తిరిగిన చోట ప్లైవుడ్డు పగిలిపోయేది. ఆ పగుళ్ళను కప్పిపుచ్చడానికి మెత్త వేసి బట్ట తొడగవలసి వచ్చింది. మొదటి వివాహం రద్దయిన తరువాత చార్లెస్ 1941 జూన్ 20న చికాగోలో రేను వివాహం చేసుకున్నాడు. వెంటనే ఇద్దరూ లాస్ ఏంజెలెస్‌కు తరలివెళ్ళారు.

గదిలో యంత్రం

లాస్ ఏంజెలెస్‌లో చార్లెస్‌కు ఎం.జి.ఎం. సినిమా సంస్థలో సెట్ల రూపకల్పన విభాగంలో ఉద్యోగం దొరికింది. పగలు ఆ ఉద్యోగం. రాత్రి అద్దె ఇంటిలో, క్రాన్‌బ్రూక్‌లో తెగని ప్లైవుడ్డు సమస్య. రే ఈ కాలంలోనే (1942 నుండి 1947 వరకు) 'ఆర్ట్స్ అండ్ ఆర్కిటెక్చర్' పత్రికకు ముఖచిత్రాలు రూపొందించింది.

సమస్య ఏమిటో కొంత వివరించాలి. ప్లైవుడ్డు అనగా పలుచని చెక్కపొరలను, పక్కపక్క పొరల నార ఒకదానికొకటి అడ్డంగా ఉండేలా పేర్చి, జిగురుతో అతికించిన పలక. ఒక దిశలో మాత్రమే దీనిని వంచడం కష్టం కాదు. కాగితాన్ని గొట్టంలా చుట్టడం వంటిదే. రెండు దిశలలో ఒకేసారి వంచి గిన్నె ఆకారం తేవడం మాత్రం వేరు సంగతి. ఆకుతో దొన్నె కుట్టేవారికి ఇది తెలిసిన విషయమే; అంచును మడతపెట్టి పుల్ల గుచ్చనిదే ఆకు లోతు తిరగదు. చెక్కకు మడత పెట్టే వీలు లేదు.

దీనికోసం వీరు ఇంట్లోనే ఒక యంత్రం తయారు చేసుకున్నారు. దానికి 'కజామ్' అని పేరు పెట్టారు. మన మాంత్రికులు 'హాం ఫట్' అన్నట్లు అక్కడి గారడీవాళ్ళు అనే మాట అది. ప్లాస్టరుతో పోసిన ఒక అచ్చు, దానిని వేడిచేయడానికి విద్యుత్తు తీగలు, జిగురు పూసిన చెక్కపొరలను అచ్చుకు అదిమిపట్టే ఒక రబ్బరు పొర, ఆ పొరను గాలితో ఉబ్బించడానికి సైకిలు పంపు - ఇదీ దాని నిర్మాణం. జిగురు గట్టిపడేవరకు గంటల తరబడి మధ్యమధ్య గాలి కొడుతూ ఉండాలి. యంత్రానికి చాలినంత కరెంటు కోసం చార్లెస్ విద్యుత్ స్తంభం ఎక్కి తీగ తగిలించాడని ఒక కథ ప్రచారంలో ఉంది.

ఈ యంత్రం నుండి వచ్చిన మొదటి ముఖ్యమైన వస్తువు కుర్చీ కాదు. రెండవ ప్రపంచయుద్ధంలో కాలు విరిగిన సైనికులకు కట్టే లోహపు బద్దలు, స్ట్రెచరుపై తీసుకుపోయేటప్పుడు అదిరి గాయాన్ని మరింత పెంచుతున్నాయని తెలిసి, వీరు ప్లైవుడ్డుతో ఒక బద్దను రూపొందించారు. అచ్చుకు కొలత చార్లెస్ కాలే. వంపులు కలిసే చోట్ల చెక్క పగలకుండా చీలికలు, రంధ్రాలు వదిలారు. ఆ రంధ్రాలే కట్టు గుడ్డ దూర్చడానికీ ఉపయోగపడ్డాయి. అమెరికా నౌకాదళం 1942లో తొలివిడతగా 5,000 బద్దలు కోరింది. యుద్ధం ముగిసేసరికి మొత్తం 1,50,000 వరకు తయారయ్యాయి. ఈ పనికై వీరి బృందం 1943లో వెనిస్ అనే ప్రాంతంలో, 901 వాషింగ్టన్ బులెవార్డ్ అనే చిరునామాలో ఉన్న ఒక పాత మోటారు గారేజీకి మారింది. ఆ తరువాత రే మరణించేవరకు వీరి కార్యశాల అదే. దానిని అందరూ '901' అనే పిలిచేవారు.

యుద్ధానంతరం వచ్చిన కుర్చీలలో వీరు ఒక్క పలకతోనే సీటు, వీపు రెండూ తేవాలన్న పంతం వదలుకున్నారు. సీటు ఒక ముక్క, వీపు ఒక ముక్క. మధ్య చెక్క వెన్నుగాని లోహపు కడ్డీగాని. పలక ఎంతవరకు వంగగలదో అంతవరకే వంచారు. 1999లో 'టైమ్' పత్రిక శతాబ్దపు ఉత్తమ డిజైనుగా ఎన్నుకున్నది ఈ ప్లైవుడ్డు కుర్చీనే. ఒకే పలకలో కుర్చీ అనే పాత కోరిక 1950లో ఫైబర్‌గ్లాసు రూపంలో తీరింది. ఈ కుర్చీలను అమ్మిన సంస్థ హెర్మన్ మిల్లర్.

బొమ్మలు, ఆటవస్తువులు

ప్లైవుడ్డు వంచే విద్య చేతికి వచ్చిన వెంటనే వీరు దానితో ఏనుగు బొమ్మ చేశారు (1945). రెండే ముక్కలు, పెద్ద చెవులు, పిల్లలు ఎక్కి కూర్చోవచ్చు. అప్పట్లో అది కర్మాగారంలో తయారు కాలేదు. చాలా ఏళ్ళకు, 2007లో, స్విట్జర్లాండుకు చెందిన విట్రా సంస్థ పరిమిత సంఖ్యలో ప్లైవుడ్డు ఏనుగులను విడుదల చేసింది. ఆ 1945లోనే పిల్లల కోసం చిన్న కుర్చీలు కూడా చేశారు. సుమారు 5,000 తయారయ్యాయి. చూడడానికి ఆటగా కనిపించే ఈ ఏనుగు నిజానికి క్లిష్టమైన వంపులకు పరీక్ష. కుర్చీలో తప్పు చేస్తే నష్టం, ఏనుగులో తప్పు చేస్తే ఇంకొక ఏనుగు.

1951లో 'ది టాయ్' అనే ఆటవస్తువు వచ్చింది. రంగురంగుల పెద్ద త్రికోణాలు, చతురస్రాలు, సన్నని కర్రలు. వీటిని కలిపి పిల్లలు తమకు నచ్చిన గుడారమో గాలిపటమో నాటకరంగమో కట్టుకోవచ్చు. 1953లో వచ్చిన 'హ్యాంగ్ ఇట్ ఆల్' తీగచట్రానికి రంగుల చెక్కబంతులు తగిలించిన కొక్కెం. పిల్లలు తమ బట్టలు, ఆటసామాను తగిలించుకోవాలని దీని ఉద్దేశం. కుర్చీల కాళ్ళకు వాడిన తీగలను అతికే పద్ధతినే ఇందులోనూ వాడారు.

వీటన్నిటిలో నేటికీ ఎక్కువమంది ఇళ్ళలో కనిపించేది 'హౌస్ ఆఫ్ కార్డ్స్' (1952). తెలుగులో పేకమేడ అంటే నిలవనిది అని అర్థం. ఈమ్స్ పేకమేడ నిలుస్తుంది. కట్టలో 54 ముక్కలు, ప్రతి ముక్క అంచులో ఆరు గాట్లు. ఒక గాటును మరొక గాటులో దూర్చుకుంటూ పోతే ఎంత ఎత్తుకైనా, ఏ ఆకారంలోనైనా కట్టవచ్చు. ఒక కట్టపై రంగుల కాగితాల, బట్టల నమూనాలు ముద్రించారు. మరొక కట్టపై మామూలు వస్తువుల ఛాయాచిత్రాలు: దారపు ఉండలు, కత్తెరలు, గుండీలు, మాత్రలు, పాత బొమ్మలు మొదలైనవి. వీటిని వీరు 'మంచి సరుకు' అనే అర్థంలో పిలిచేవారు. రే జీవితాంతం పోగుచేసిన చిల్లర వస్తువులు, చార్లెస్ జీవితాంతం తీసిన ఛాయాచిత్రాలు, ఇద్దరికీ ఉన్న నిర్మాణదృష్టి - మూడూ కలిసిన వస్తువు ఇది. 1953లో 20 పెద్ద ముక్కలతో ఒక కట్ట, 1970లో ఒసాకాలో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనకై ఐ.బి.ఎం. తరఫున కంప్యూటరు భాగాల చిత్రాలతో మరొక కట్ట వచ్చాయి.

1957లో అల్కోవా అనే అల్యూమినియం సంస్థ ఏదైనా చేసిపెట్టమని అడిగితే వీరు సూర్యరశ్మితో నడిచే ఒక యంత్రం చేసి ఇచ్చారు. అది ఏ పనీ చేయదు. రంగుల చక్రాలు, నక్షత్రాలు ఎండలో గిరగిర తిరుగుతూ ఉంటాయి, అంతే. దాని పేరు కూడా 'ఏమీ చేయని యంత్రం' అనే. సౌరవిద్యుత్తు ప్రయోగశాలల్లో తప్ప బయట అరుదైన రోజులవి. పని చేయని ఈ బొమ్మ సౌరశక్తితో వస్తువులను కదిలించవచ్చునని కళ్ళకు కట్టింది.

చలనచిత్రాలు

వీరి చిత్రాలలో కథలు, నటులు దాదాపు ఉండవు. 'బ్లాక్‌టాప్' (1952) చిత్రంలో ఒక బడి ఆవరణను కడుగుతుండగా నల్లని తారునేలపై పారే సబ్బునురుగు తప్ప మరేమీ లేదు. నేపథ్యంలో బాఖ్ సంగీతం. 'టొకాటా ఫర్ టాయ్ ట్రెయిన్స్' (1957)లో పాత ఆటరైళ్ళు నిజమైన రైళ్ళ వలె స్టేషన్లు దాటి పోతుంటాయి. మంచి ఆటబొమ్మలో రేకు రేకులాగే, చెక్క చెక్కలాగే కనిపిస్తాయని, నిజమైన వస్తువుకు నకలుగా చేసిన నమూనాకు ఆ గుణం ఉండదని చిత్రారంభంలో చార్లెస్ వివరిస్తాడు. ఇది బొమ్మలను గురించి చెప్పినదే అయినా, ఆయన కుర్చీలను అర్థం చేసుకోవడానికి ఇంతకంటె మంచి వ్యాఖ్య దొరకదు.

'టాప్స్' (1969) ఏడు నిమిషాల చిత్రం. ఇందులో వివిధ దేశాలకు చెందిన 123 బొంగరాలు కనిపిస్తాయి. మాటలు లేవు; ఎల్మర్ బెర్న్‌స్టైన్ సంగీతం మాత్రమే. తాడు చుట్టడం, విసరడం, తిరగడం, తూలడం, పడిపోవడం - వరుస ఇంతే. భారతదేశపు బొంగరాలు కూడా ఇందులో ఉన్నాయి. భౌతికశాస్త్రం బోధించేవారికి ఇది ఇష్టమైన చిత్రం.

అన్నిటికంటె ప్రఖ్యాతమైనది 'పవర్స్ ఆఫ్ టెన్'. కీస్ బూకె అనే డచ్చి ఉపాధ్యాయుడు పిల్లలకోసం రాసిన 'కాస్మిక్ వ్యూ' (1957) పుస్తకం దీనికి ఆధారం. 1968లో కళాశాల భౌతికశాస్త్ర బోధకుల కోసం మొదట ఒక చిత్తుప్రతి వంటి చిత్రం తీశారు. తొమ్మిదేళ్ళకు, 1977లో, పూర్తిస్థాయి చిత్రం వచ్చింది. చికాగోలో సరస్సు ఒడ్డున వనభోజనానికి వచ్చి నిద్రించే మనిషిని మీటరు దూరం నుండి చూపుతూ చిత్రం మొదలవుతుంది. ప్రతి పది సెకన్లకు కెమెరా పదిరెట్లు దూరం జరుగుతుంది. నగరం, భూగోళం, సౌరకుటుంబం, పాలపుంత దాటి పది కోట్ల కాంతిసంవత్సరాల దూరం చేరుతుంది. అక్కడనుండి వేగంగా వెనుకకు వచ్చి, నిద్రిస్తున్న మనిషి చేతి చర్మంలోకి, కణంలోకి, చివరకు పరమాణు కేంద్రకం లోపలికి ప్రవేశిస్తుంది. భౌతికశాస్త్రవేత్త ఫిలిప్ మారిసన్ వ్యాఖ్యానం చెప్పాడు. మొత్తం సుమారు తొమ్మిది నిమిషాలు. 1998లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో దీనికి స్థానం లభించింది. కంప్యూటరు చిత్రాలు లేని కాలంలో, ఛాయాచిత్రాలను, చేతితో వేసిన చిత్రాలను ఒకదానిలో ఒకటి అతుకు కనిపించకుండా పొదిగి దీనిని చేశారు.

1959లో మాస్కోలో జరిగిన అమెరికా జాతీయ ప్రదర్శనకు వీరు ఏడు తెరలపై ఒకేసారి నడిచే చిత్రాన్ని తయారుచేశారు. ఒక్కొక్క తెర 20 అడుగుల ఎత్తు, 30 అడుగుల వెడల్పు. 2,200కు పైగా ఛాయాచిత్రాలతో అమెరికాలో ఒకరోజు ఎలా గడుస్తుందో చూపించారు. చివరి దృశ్యం ఇంగ్లీషులోను, రష్యన్‌లోను 'నన్ను మరువకు' అని అర్థం వచ్చే పేరున్న పువ్వులు. ఈ ఆలోచన రేది. ఈ చిత్రం ప్రచ్ఛన్నయుద్ధంలో అమెరికా ప్రభుత్వ ప్రచారంలో భాగమేనన్నది మరువరాదు. ఐ.బి.ఎం. కోసం చేసిన చిత్రాలకూ ఈ మాట కొంతవరకు వర్తిస్తుంది. కంప్యూటరంటే జనానికి ఉన్న భయం పోగొట్టడం ఆ సంస్థకు అవసరం.

అదే ఐ.బి.ఎం. సహాయంతో 1961లో లాస్ ఏంజెలెస్‌లో ప్రారంభమైన 'మేథమేటికా' ప్రదర్శన మాత్రం ప్రకటనల స్థాయిని దాటింది. ఎనిమిదేసి దీపాల చొప్పున మూడు దిశలలో అమర్చిన గుణకార ఘనం, మేకుల మధ్యనుండి వేలకొద్దీ బంతులు రాలి గంట ఆకారంలో పోగుపడే సంభావ్యతా యంత్రం, ఒకే పక్క ఉన్న మోబియస్ పట్టీపై పరుగెత్తే బాణం, సబ్బుపొరల రేఖాగణితం ఇందులో ఉన్నాయి. దీని ప్రతులు బోస్టన్, న్యూయార్కు నగరాల విజ్ఞానకేంద్రాలకు చేరాయి.

పనిముట్లు, పనిచేసే తీరు

901లో వడ్రంగి యంత్రాలు, చీకటిగది, సినిమా చిత్రీకరణ బల్ల, బొమ్మల అలమరలు ఒకే కప్పుకింద ఉండేవి. కుర్చీ కాలిని పరీక్షించే బల్లపైనే మరునాడు ఆటరైళ్ళ పట్టాలు పరిచేవారు. కాగితంపై గీతలకంటె నిలువెత్తు నమూనాలపై వీరికి నమ్మకం ఎక్కువ. ఒక కీలు, ఒక అంచు కుదిరేవరకు పదుల సంఖ్యలో నమూనాలు చేసేవారు.

కెమెరాను వీరు జ్ఞాపకాల కోసం కాక పరిశీలన కోసం వాడారు. నమూనాను ఫొటో తీసి, ఆ ఫొటోలో కనిపించిన లోపాన్ని నమూనాలో సవరించేవారు. మూడు ప్రొజెక్టర్లతో మూడు స్లైడులను పక్కపక్కన చూపడం వీరికి ఇష్టమైన పద్ధతి. ఒక వస్తువు, దాని పక్కన దానికి ఏ సంబంధమూ లేనట్లు కనిపించే మరొక వస్తువు, మధ్యలో రెంటినీ కలిపే మూడవది, మాటలు అక్కరలేదు. తమ ఇంటిని గురించిన 'హౌస్' (1955) చిత్రాన్ని పూర్తిగా ఇటువంటి స్లైడులతోనే తీశారు.

ఆ ఇల్లు కూడా ఒక ప్రయోగమే. పసిఫిక్ పాలిసేడ్స్ ప్రాంతంలో 1949లో కట్టిన ఈ ఇంటికి కర్మాగారాలకు వాడే ఉక్కు దూలాలు, కిటికీలు కేటలాగు చూసి తెప్పించారు. మొదటి ప్లాను ప్రకారం ఇల్లు పచ్చికబయలు మీదుగా వంతెనలా సాగాలి. ఉక్కు వచ్చేలోపు ఆ పచ్చికలో వనభోజనాలు చేసి, దానిని పోగొట్టుకోవడం ఇష్టంలేక ప్లాను మార్చారు. కొత్త ఇల్లు యూకలిప్టస్ చెట్ల వెనుక, గట్టుకు ఆనుకొని లేచింది. తెప్పించిన ఉక్కుకు తోడు అదనంగా ఒక్క దూలమే అవసరమయిందని చెబుతారు.

భారతదేశంతో సంబంధం

భారత ప్రభుత్వం ఆహ్వానంపై, ఫోర్డ్ ఫౌండేషన్ సహాయంతో ఈమ్స్ దంపతులు సుమారు మూడు నెలలు భారతదేశంలో పర్యటించి 1958 ఏప్రిల్‌లో ఒక నివేదిక సమర్పించారు. చిన్నపరిశ్రమలకు డిజైను రంగంలో ఎలా సహాయపడాలన్నది ప్రభుత్వం వేసిన ప్రశ్న. నివేదిక భగవద్గీతలోని కర్మయోగ శ్లోకం అనువాదంతో మొదలవుతుంది. పరిశోధన, శిక్షణ, సేవ కలగలిసిన ఒక సంస్థ కావాలన్నది సారాంశం. దీని ఫలితంగా 1961లో అహ్మదాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఏర్పడింది. గౌతమ్ సారాభాయ్, గిరా సారాభాయ్ దానిని తొలి రోజులలో తీర్చిదిద్దారు. 2015లో ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఇటువంటి సంస్థ ప్రారంభమై, 2019 చట్టసవరణతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తింపు పొందింది.

నివేదికలో అందరికీ గుర్తుండే భాగం లోటాను గురించినది. తెలుగునాట చాలాచోట్ల లోటా అంటే నీళ్ళు తాగే గ్లాసు. నివేదికలో చెప్పినది మన చెంబు. దేశమంతా తిరిగి చూసిన వస్తువులలో ఇంత అందమైనది మరొకటి లేదని వీరు భావించారు. చెంబును ఇప్పుడు కొత్తగా రూపొందించాలంటే ఏమేమి ఆలోచించాలో వరుసగా ప్రశ్నలు వేసుకున్నారు. ఎంత నీరు పట్టాలి? మోసే చేయి ఆడవారిదా మగవారిదా, ఎంత బలమైనది? తలమీద పెడతారా, చంకన పెడతారా, చేత్తో పట్టుకుంటారా? నిండుగా ఉన్నప్పుడు, ఖాళీగా ఉన్నప్పుడు తూకం ఎలా ఉంటుంది? వంచితే నీరు ఎలా పడుతుంది? మూతి లోపలికి చేయి దూరి తోమడానికి వీలవుతుందా? ఎండలో పట్టుకుంటే ఎలా ఉంటుంది? పాతబడ్డాక ఇత్తడికి ఎంత వస్తుంది? ఇన్నిటికీ సమాధానం చెప్పిన చెంబును ఏ ఒక్కరూ డిజైను చేయలేదు. తరతరాలుగా ఎందరో కొద్దికొద్దిగా దిద్దారు. మార్పు వేగం పెరిగిన కాలంలో ఆ తరతరాల దిద్దుబాటుకు వ్యవధి ఉండదు కనుక, ఆ పనిని తెలిసి చేసే సంస్థ కావాలని వాదన.

జవహర్‌లాల్ నెహ్రూ మరణానంతరం ఆయన జీవితంపై వీరు అహ్మదాబాదు సంస్థతో కలసి రూపొందించిన ప్రదర్శన 1965లో న్యూయార్కులో ప్రారంభమై, తరువాత లండన్ మొదలైన నగరాలలో ప్రదర్శితమైంది.

దక్షిణభారతపు అరిటాకు చార్లెస్ ప్రసంగాలలో ఒక ఉపమానంగా ప్రసిద్ధమైంది. 1970-71లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఇచ్చిన నార్టన్ ఉపన్యాసాలలో ఆయన దీనిని చెప్పాడు. పేదవాడు అరిటాకులో తింటాడు. కొంచెం కలిగినవాడు మట్టిపళ్ళెంలో, ఇంకొంచెం కలిగినవాడు ఇత్తడి కంచంలో, ఆపైన కంచు కంచంలో, ఆపైన వెండి కంచంలో తింటాడు. డబ్బుతో పాటు వివేకం కూడా ఉన్నవాడు మళ్ళీ అరిటాకుకే వస్తాడు. తెలుగు పాఠకునికి ఈ కథలో ఒక చిన్న పొసగనితనం కనిపించకపోదు. మనవద్ద అరిటాకు పేదరికానికి గుర్తు కాదు. పెళ్ళిలోను, పండుగలోను అతిథికి వేసేది అదే. పూర్వం నిత్యం వాడినవి కుట్టిన విస్తరాకులు. అయినా చార్లెస్ చెప్పదలచిన సంగతి, అనగా మెరుగుపరచడం పేరుతో అసలు దానిని పోగొట్టుకోవద్దన్నది, విస్తరాకు విషయంలోనూ నిజమే.

దృక్పథం

1969లో పారిస్‌లోని అలంకరణ కళల మ్యూజియంలో 'డిజైను అంటే ఏమిటి' అనే ప్రదర్శన జరిగింది. దానికోసం చార్లెస్ ఒక పటం గీశాడు. అందులో మూడు ఆవరణలు. ఒకటి డిజైనరుకు నిజంగా ఆసక్తి ఉన్న విషయాలు, రెండవది పని అప్పగించినవారి అవసరాలు, మూడవది సమాజపు అవసరాలు. మూడూ కలిసిన చోట మాత్రమే డిజైనరు నమ్మకంతో, ఉత్సాహంతో పనిచేయగలడు. ఈ ఆవరణలు మారకుండా ఉండవని, ఒకదాని ప్రభావంతో మరొకటి పెరుగుతాయని వివరణ. బొమ్మలు, బొంగరాలు వీరికి కాలక్షేపం ఎందుకు కాలేదో ఈ పటం చెబుతుంది. మొదటి ఆవరణ ఎండిపోతే మిగిలిన రెంటితో పని లేదు.

పరిమితులను గురించి చార్లెస్ పదేపదే చెప్పేవాడు. ధర, బలం, కొలత, కాలం ఇవన్నీ అడ్డంకులు కావని, వాటిని ఇష్టపూర్వకంగా ఒప్పుకోవడమే డిజైనుకు కీలకమని ఆయన అభిప్రాయం. ఉదాహరణకు సర్కసును చూపేవాడు. చూసేవారికి అది స్వేచ్ఛకు మారురూపంగా తోస్తుంది. గుడారం వెనుకకు పోయి చూస్తే ప్రతి తాడుముడికీ, ప్రతి అడుగుకీ నియమం ఉంది. తప్పితే ప్రాణం పోతుంది. ఆయన ఏళ్ళ తరబడి సర్కసులను ఫొటోలు తీశాడు. 1971లో విదూషకుల ముఖాలంకరణపై ఒక చిత్రం కూడా చేశారు.

మరొక పోలిక ఆతిథ్యం. మంచి గృహస్థు అతిథికి ఏమి కావలసివస్తుందో అడగకముందే ఊహించి అమర్చినట్లు డిజైనరు నడచుకోవాలని వీరి భావన. 1968లో సినీదర్శకుడు బిల్లీ వైల్డర్ కోసం చేసిన పడకకుర్చీ ఇందుకు సరదా ఉదాహరణ. ఆఫీసులో కాసేపు కునుకు తీసి లేవాలని ఆయన కోరిక. కుర్చీ వెడల్పు సుమారు 18 అంగుళాలే. గుండెలపై చేతులు కట్టుకొని పడుకున్నవాడు గాఢనిద్రలోకి జారగానే చేతులు పక్కకు పడి మెలకువ వస్తుంది.

ఎక్కువమందికి, తక్కువ ఖర్చుతో, మంచి వస్తువు అందాలన్నది వీరు ప్రకటించుకున్న ఆశయం. ఇందులో వీరు పాక్షికంగానే సఫలమయ్యారు. ఫైబర్‌గ్లాసు కుర్చీ పాఠశాలలకు, విమానాశ్రయాలకు చేరింది. కాని 1956లో వచ్చిన తోలు మెత్తల లౌంజ్ కుర్చీ మొదటినుండీ ఖరీదైనదే. మధ్యతరగతికై చేసిన ప్లైవుడ్డు కుర్చీలు సైతం కాలక్రమాన సంపన్నుల ఇళ్ళలో అలంకారాలయ్యాయి. నకళ్ళు చౌకగా దొరుకుతాయి, అసలువి దొరకవు.

పేరు ఎవరిది

1946లో న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియం వీరి కుర్చీలను ప్రదర్శించినప్పుడు చార్లెస్ పేరు మాత్రమే పెట్టింది. రే పేరు లేదు. కార్యశాలలో అప్పటికే ముఖ్యులైన హారీ బెర్టోయా, హెర్బర్ట్ మాటర్ వంటివారి పేర్లూ లేవు. బెర్టోయా ఆ తరువాత బయటకు వెళ్ళి, తీగ కుర్చీలతో సొంతంగా పేరు తెచ్చుకున్నాడు. పత్రికలు దశాబ్దాల పాటు రేను భర్తకు సహాయకురాలిగానే చిత్రించాయి. కొందరు వీరిని అన్నదమ్ములనుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి, రే అనేది అక్కడ మగవారి పేరు కూడా కావడంవల్ల. రంగులు, అమరిక, పేకముక్కలపై వస్తువుల ఎంపిక, ఒక అంచు ఎంత వంగాలన్న తుదినిర్ణయం - వీటిలో ఆమె పాత్ర ఎంతో పనివారందరికీ తెలుసు. 1979లో బ్రిటిషు వాస్తుశిల్పుల సంస్థ రాయల్ గోల్డ్ మెడల్‌ను ఇద్దరి పేరనా ఇచ్చింది. అప్పటికి చార్లెస్ లేడు.

డాన్ ఆల్బిన్‌సన్ వంటి ఉద్యోగుల శ్రమ వెలుగులోకి రావడానికి మరింత కాలం పట్టింది. కార్యశాలలో పనిచేసిన మారిలిన్ న్యూహార్ట్ 2010లో వెలువరించిన రెండు సంపుటాల గ్రంథం ఏ కుర్చీలో ఎవరి చేయి ఉందో వివరంగా చెబుతుంది. 'ఈమ్స్' అన్నది ఇద్దరి పేరు అని గుర్తించడానికి ముప్పై ఏళ్ళు పడితే, అది ఒక కార్యశాల పేరు కూడా అని గుర్తించడానికి అరవై ఏళ్ళు పట్టింది.

అనంతర కాలం

చార్లెస్ 1978 ఆగష్టు 21న సెయింట్ లూయిస్‌లో గుండెపోటుతో మరణించాడు. ఆ తరువాతి పదేళ్ళు రే ప్రధానంగా కార్యశాలలోని వస్తువులను, చిత్రాలను వర్గీకరించడంలో గడిపింది. 1988లో సరిగ్గా అదే తేదీన ఆమె మరణించింది. వీరి కాగితాలు, ఛాయాచిత్రాలు, చిత్రాలు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు, కుర్చీల నమూనాలు అనేకం జర్మనీలోని విట్రా డిజైను మ్యూజియానికి చేరాయి. 2008 జూన్ 17న అమెరికా తపాలాశాఖ వీరి పనులపై 16 తపాలాబిళ్ళలను విడుదల చేసింది. 2011లో వీరిద్దరిపై ఒక డాక్యుమెంటరీ చిత్రం వెలువడింది.

పసిఫిక్ పాలిసేడ్స్‌లోని ఇల్లు 2006లో జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తింపు పొందింది. లూసియా 2004లో స్థాపించిన ఫౌండేషన్ దానిని సంరక్షిస్తోంది. 2025 జనవరిలో ఆ ప్రాంతాన్ని దహించిన కార్చిచ్చులో చుట్టుపక్కల వేలాది కట్టడాలు కాలిపోయినా ఈ ఇల్లు నిలిచింది. పొగ, మసి పట్టిన గోడలను, వస్తువులను శుభ్రపరచి, అదే సంవత్సరం జూలైలో సందర్శకులకై తిరిగి తెరిచారు.